బిగిస్తే చదునవుతుందా?

మీ ఇంట్లో అంచులేని పాత ఇనుప పెనం ఉంటే ఈ పూట ఒకసారి పరీక్షగా చూడండి. కొన్న కొత్తలో అది పలకలా చదునుగా ఉండి ఉంటుంది. ఇప్పుడో? మధ్యలో గరిటెడు పిండి పోస్తే కుదురుగా నిలవదు, అంచులకేసి జారిపోతుంది. చల్లారిన పెనాన్ని గచ్చుమీద బోర్లించి ఒక అంచు నొక్కితే రెండో అంచు పైకి లేస్తుంది. దాన్ని ఎవరూ సుత్తితో కొట్టలేదు, ఎవరూ వంచలేదు. పొయ్యిమీద పెట్టడం, దించడం, అంతే. మరి ఆ వంకర ఎక్కడినుంచి వచ్చింది?

పెనం వంకరపోతే దోసె ఒక పక్క మందంగా, ఒక పక్క పలుచగా వస్తుంది. అంతకు మించిన నష్టం లేదు. కాని ఇదే వంకర కారు ఇంజనులోని ఒక ఇనుప ముక్కకు వస్తే ఒక మనిషి బతుకుతెరువే ఆగిపోవచ్చు. అలా ఆగబోయి నిలిచిన సంగతి ఒకటి చెబుతాను. మీ భౌతికశాస్త్ర పాఠాలు మూడు నాలుగు అందులో ఉన్నాయి.

బలం తగ్గిన కారు

నా దగ్గర పదో తరగతి చదివిన కుర్రాడొకడు విజయవాడలో అద్దెకారు నడుపుతున్నాడు. అది టర్బో ఉన్న డీజిలు కారు. అప్పుచేసి కొన్నాడు; నెలనెలా వాయిదా కట్టాలి. ఒకనాడు కారు బలం తగ్గింది. ఎత్తు ఎక్కేటప్పుడు ఎంత తొక్కినా ముందుకు పోదు. వెనకనుంచి నల్లటి పొగ. ఉదయం స్టార్టు చేయగానే ఇంజను పక్కన 'టిక్ టిక్' మని చప్పుడు. ఇంజను వేడెక్కాక ఆ చప్పుడు తగ్గుతుంది గాని, గట్టిగా తొక్కినప్పుడు 'సుయ్' మని ఈల వినిపిస్తుంది.

ఒక షెడ్డులో చూపించాడు. గాస్కెట్టు కాలిపోయిందని చెప్పి కొత్తది వేశారు. పదిరోజుల్లో మళ్లీ అదే చప్పుడు. మళ్లీ కొత్త గాస్కెట్టు వేసి, ఈసారి నట్లు ఇంకా గట్టిగా బిగించారు. నెల తిరక్కుండానే ఒక స్టడ్డు విరిగింది. మూడోసారి వెళితే, "టర్బోయే పోయింది, మొత్తం మార్చాలి" అన్నారు. ధర విని కుర్రాడికి గుండె జారిపోయింది. "మాస్టారూ, కారు అమ్మేద్దామనుకుంటున్నాను" అని నాకు ఫోను చేశాడు.

కార్ల మరమ్మతు నాకు తెలిసింది తక్కువ. అయినా రెండు ప్రశ్నలు వేశాను.

"విరిగిన స్టడ్డు ఎక్కడిది? మధ్యదా, చివరిదా?"

"చివరిదండీ."

"గాస్కెట్టు ఎక్కడ కాలింది?"

"రెండు చివరలా మసి చారలున్నాయండీ. మధ్యలో శుభ్రంగానే ఉంది."

ఈ రెండు జవాబులూ కలిపి చూస్తే నాకు మా ఇంటి పెనం గుర్తుకొచ్చింది. ఆ ఆదివారం ఆటోనగర్‌లో లేతు, మిల్లింగు పనులు చేసే ఒక ముసలి మేస్త్రి దగ్గరకు ఇద్దరం వెళ్లాం. అక్కడ ఏం జరిగిందో చెప్పేముందు, అసలు ఈ యంత్రం ఎలా పనిచేస్తుందో తెలుసుకుందాం.

పొగలో దాగిన శక్తి

ఇంజను కాల్చిన ఇంధనంలోని శక్తి అంతా చక్రాలకు చేరదు. సుమారు మూడో వంతు శక్తి వేడిపొగతో పాటు బయటకు పోతుంది. ఈ వృథాలో కొంతైనా రాబట్టలేమా అని ఆలోచించినవాడు స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూఖి. ఆయన 1905లో టర్బోకు పేటెంటు తీసుకున్నాడు. ఓడల్లోనూ, రైలింజన్లలోనూ వాడిన తరువాత 1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్, షెవ్రొలే కోర్వేర్ మోంజా స్పైడర్ అనే కార్లలో టర్బో అమ్మకానికి వచ్చింది. నేడు మన రోడ్లమీద తిరిగే డీజిలు కార్లలోను, లారీలలోను అది మామూలు విషయం.

టర్బో అంటే ఒకే ఇరుసుకు రెండు చివరల బిగించిన రెండు చిన్న చక్రాలు. పొగ దూసుకొచ్చి మొదటి చక్రాన్ని గాలిమరలా తిప్పుతుంది. ఇరుసుతో పాటు రెండో చక్రమూ తిరుగుతుంది. అది బయటి గాలిని పీల్చి, నొక్కి, ఇంజనులోకి పంపుతుంది. గాలి ఎక్కువైతే ఎక్కువ ఇంధనాన్ని శుభ్రంగా కాల్చవచ్చు, బలం పెరుగుతుంది. ఈ ఇరుసు వేగం నిమిషానికి లక్ష చుట్లు దాటుతుంది!

పొగ ఇంజనునుంచి టర్బోకు చేరే దారి చూడండి. నాలుగు సిలిండర్ల ఇంజనులో పొగకు నాలుగు ద్వారాలుంటాయి. నాలుగు వేళ్లు అరచేతిలో కలిసినట్టు, ఆ నాలుగు ద్వారాల పొగనూ ఒకచోటికి చేర్చే పోత ఇనుప గొట్టాల సముదాయాన్ని ఎగ్జాస్టు మానిఫోల్డు అంటారు. వేళ్ల కొసలన్నిటినీ కలుపుతూ ఒక పొడవాటి, మందపాటి ఇనుప పట్టీ ఉంటుంది. దాన్ని ఫ్లాంజి అంటారు. ఫ్లాంజికి ఉన్న రంధ్రాలలో స్టడ్లు దూర్చి, నట్లు బిగించి, దాన్ని ఇంజను తలకు అదుముతారు. రెండింటి మధ్య పలుచని గాస్కెట్టు ఉంటుంది.

ఈ ఫ్లాంజి చదునుగా లేకపోతే పొగ టర్బో దాకా పోకుండా దారిలోనే బయటపడుతుంది. ఎంత పొగ? ఒక లెక్క వేద్దాం. సందు వెడల్పు 0.2 మి.మీ., పొడవు 60 మి.మీ. అనుకోండి. వైశాల్యం 0.2 × 60 = 12 చదరపు మి.మీ. ఇది 4 మి.మీ. వ్యాసమున్న రంధ్రంతో దాదాపు సమానం. పెన్సిలు దూరేటంత కాకపోయినా దాని ముల్లు సులువుగా దూరే రంధ్రం అన్నమాట. మానిఫోల్డులో పీడనం వాతావరణ పీడనంకంటె బాగా ఎక్కువ. కాబట్టి అంత చిన్న సందునుంచే పొగ ఈల వేస్తూ పోతుంది. టర్బో చక్రం నెమ్మదిస్తుంది, గాలి తగ్గుతుంది, ఇంధనం పూర్తిగా కాలక నల్లపొగ వస్తుంది. టర్బో పాడుకాలేదు. దానికి అందవలసిన పొగ అందలేదు, అంతే!

ఒక్క వేడివల్లే వంగుతుందా?

వేడిచేస్తే లోహాలు వ్యాకోచిస్తాయని మీకు తెలుసు. అయితే వ్యాకోచించడం వేరు, వంగడం వేరు. ఒక ఇనుప ముక్కను అన్ని వైపులా సమానంగా వేడిచేసి, ఏ అడ్డూ లేకుండా వదిలేస్తే అది అన్ని వైపులా సమానంగా పెరుగుతుంది. చల్లారాక మొదటి ఆకారానికే వస్తుంది. వంకర రావాలంటే ఇంకో రెండు సంగతులు కలవాలి: ఒక చోట ఎక్కువ, ఒక చోట తక్కువ వేడి ఉండడం, పెరగబోయే భాగానికి అడ్డు ఉండడం.

మానిఫోల్డు సంగతి చూద్దాం. పోత ఇనుము దైర్ఘ్య వ్యాకోచ గుణకం డిగ్రీ సెంటీగ్రేడుకు సుమారు 0.000011. పొడవు 300 మి.మీ. అనుకుందాం. పొగ ప్రవహించే గొట్టాల వైపు 30 డిగ్రీలనుంచి 630 డిగ్రీలకు వేడెక్కిందనుకోండి. అంటే 600 డిగ్రీల పెరుగుదల.

300 × 0.000011 × 600 = సుమారు 2 మి.మీ.

ఫ్లాంజి ఇంజను తలను ఆనుకొని ఉంటుంది. ఇంజను తలలో నీరు ప్రవహిస్తూ ఉంటుంది కనుక ఫ్లాంజి అంతగా వేడెక్కదు. అది 330 డిగ్రీలకే చేరిందనుకుంటే పెరుగుదల 300 డిగ్రీలు; వ్యాకోచం సుమారు 1 మి.మీ. మాత్రమే. అంటే ఒకే ఇనుప ముక్కలో ఒక పక్క 2 మి.మీ. పెరగాలంటుంది, రెండో పక్క 1 మి.మీ. చాలంటుంది! ఆ పైన స్టడ్లు ఫ్లాంజిని వంగనీయకుండా గట్టిగా పట్టుకొని ఉన్నాయి.

ఇప్పుడు ఏమవుతుంది? నలుగురు కూర్చునే బెంచీమీద అయిదుగురు ఇరుక్కున్నారనుకోండి. బెంచీ సాగదు. కాబట్టి పిల్లలే నలుగుతారు. అలాగే వేడెక్కిన గొట్టాల వైపు లోహం పెరగడానికి చోటులేక తనలో తానే నలుగుతుంది. వేడిలో లోహం మెత్తబడుతుందని గుర్తుంచుకోండి. మామూలు ఉక్కు 600 డిగ్రీల దగ్గర తన బలంలో దాదాపు సగం కోల్పోతుంది. కనుక ఆ నలుగుడు తాత్కాలికం కాదు. కొంత శాశ్వతంగా ఉండిపోతుంది.

తరువాత ఇంజను ఆపుతారు. అంతా చల్లారుతుంది. నలిగిన వైపు ఇదివరకటికన్నా కాస్త పొట్టిదై ఉంటుంది. పొట్టిదైన వైపు రెండో వైపును లాగుతుంది. ఫ్లాంజి రెండు చివరలూ ఇంజనుకు దూరంగా, గొట్టాల వైపుకు వంగబోతాయి. ఒక్కరోజులో ఇది కనిపించదు. వేడెక్కడం, చల్లారడం వేలసార్లు జరిగాక వంకర తేలుతుంది. ఆ లాగుడంతా చివరి స్టడ్లమీద పడుతుంది. అందుకే ముందు విరిగేది చివరి స్టడ్డు. ముందు మసి కనిపించేది చివరి ద్వారాల దగ్గర. నేను ఫోనులో ఆ రెండు ప్రశ్నలూ వేసింది ఇందుకే.

ఇంతకీ ఎంత వేడి తేడా ఉంటే లోహం శాశ్వతంగా నలుగుతుంది? మామూలు ఉక్కును దాని పొడవులో 0.00125 వంతుకంటె ఎక్కువ నొక్కితే అది తిరిగి మొదటి పొడవుకు రాదు. దాని వ్యాకోచ గుణకం 0.000012. భాగించండి: 0.00125 ÷ 0.000012 = సుమారు 104. అంటే ఏ మాత్రం పెరగనీయకుండా బిగించిన ఉక్కు ముక్కను నూరు డిగ్రీలు వేడిచేస్తే చాలు! పెనం మధ్యభాగం మంటమీద, అంచు మంట బయట. తేడా నూరు డిగ్రీలు దాటడం ఏమంత కష్టం? అంచు పూర్తి అడ్డు కాదు గాని, చాలావరకు అడ్డే. వేడి పెనాన్ని దించి వెంటనే కుళాయి కింద పెట్టడం అందుకే మంచిది కాదు.

బిగింపు చేసిన మోసం

మేస్త్రి మానిఫోల్డు విప్పించాడు. "ఇంజను పూర్తిగా చల్లారిందా బాబూ?" అని ముందే అడిగాడు. వేడిగా ఉన్నప్పుడు నట్లు వదులుచేస్తే ముక్క ఇంకా వంకరపోవచ్చట. ఫ్లాంజి ముఖంమీది మసి గీకి, కిరసనాయిలుతో తుడిచాడు. స్ట్రెయిట్ ఎడ్జి అనే ఉక్కు బద్దను దానిమీద నిలువుగా ఆనించి, వెనకనుంచి దీపం పట్టాడు. "చూడండి మాస్టారూ" అన్నాడు.

మధ్యలో చీకటి. రెండు చివరలా సన్నని వెలుగు గీత!

వెలుగు గొప్ప పరీక్షకుడు. మిల్లీమీటరులో నూరో వంతు సందును కూడా అది పట్టిస్తుంది. తరువాత మేస్త్రి ఫీలరు గేజి తీశాడు. అది రకరకాల మందాలలో ఉన్న పలుచని ఉక్కు రేకుల కట్ట. రెండు చివరలా సందు సమానంగా ఉండేలా బద్దను నిలిపి, ఒక్కొక్క రేకే దూర్చి చూశాడు. 0.4 మి.మీ. రేకు సులువుగా దూరింది. బద్దను పొడవునా, అడ్డంగా, రెండు మూలలనూ కలుపుతూ ఐమూలగా కూడా ఆనించి చూశాడు. ఐమూలగా ఎందుకు? పొడవునా తిన్నగా ఉన్న ముక్క కూడా తడిబట్ట పిండినట్టు మెలితిరిగి ఉండవచ్చు. నాలుగు కోళ్ల మంచం ఊగడం మీరు చూసే ఉంటారు. దాని నాలుగు పట్టెలూ తిన్నగానే ఉంటాయి గదా!

కుర్రాడు అడిగాడు: "0.4 మిల్లీమీటర్లే గదా! ఇంకాస్త గట్టిగా బిగిస్తే చదునైపోదా?"

ఈ ప్రశ్నే మన పాఠానికి గుండెకాయ. బిగిస్తే ఫ్లాంజి వంగి ఇంజనుకు అతుక్కుంటుంది, నిజమే. కాని అది స్థితిస్థాపకతవల్ల వచ్చిన వంపు. వంచిన వెదురు బద్ద లాంటిది. చేయి పట్టుకొని ఉన్నంతసేపే ఒదిగి ఉంటుంది. ఇక్కడ ఆ చేయి స్టడ్డే. పొగను అదిమిపట్టడం దాని పని. ఇప్పుడు వంగిన ఇనుమును సరిచేసే బరువు కూడా దానిమీదే పడింది. వేడికి స్టడ్డు కూడా మెత్తబడి కాస్త సాగుతుంది. సాగిన స్టడ్డు వదులవుతుంది. దాన్ని మళ్లీ బిగిస్తే ఇంకా సాగి, చివరికి విరుగుతుంది. గాస్కెట్టు కూడా ఇంత సందును నింపలేదు. చిన్నచిన్న ఎగుడుదిగుళ్లను సర్దడమే దాని పని.

సుత్తితో కొట్టి సరిచేయరాదా అంటారేమో. పోత ఇనుము పెళుసు. దెబ్బకు వంగదు, పగులుతుంది. కాబట్టి మిగిలింది ఒకటే మార్గం: ఎత్తుగా ఉన్నచోట లోహాన్ని తీసివేయడం.

మేస్త్రి పని

ముందు మేస్త్రి మానిఫోల్డులో ఎక్కడైనా పగుళ్లున్నాయేమో వెదికాడు. పగిలిన దాన్ని చదును చేసి లాభం లేదు. ఇంజను తల వైపు ముఖాన్ని కూడా బద్ద పెట్టి చూశాడు. ఇద్దరు పోట్లాడుకుంటే ఒక్కరినే అడిగి తీర్పు చెప్పకూడదు గదా! అది చదునుగానే ఉంది.

తరువాత మానిఫోల్డును మిల్లింగు మిషను బల్లమీద పెట్టాడు. ఇక్కడ ఆయన చేసిన పని బాగా గమనించండి. ముక్క ఆనుకోనిచోట బల్లకూ దానికీ మధ్య సన్నని రేకు ముక్కలు దూర్చి, అప్పుడు పట్టు బిగించాడు. ఎందుకని అడిగితే ఇలా అన్నాడు: "వంకర ముక్కను బల్లకేసి అదిమి బిగిస్తే అది వంగి కూర్చుంటుంది మాస్టారూ. వంగినదాన్ని చదునుగా కోస్తాం. పట్టు వదలగానే మళ్లీ వెనక్కు లేస్తుంది. మన కష్టం గంగలో కలిసినట్టే."

చూశారా! స్టడ్డు చేసిన మోసమే ఇక్కడ మిషను పట్టు చేయబోయింది. బలవంతంగా చదునైనది నిజమైన చదును కాదు. ఏ బలమూ లేకుండా వదిలేసినప్పుడు కూడా చదునుగా ఉంటేనే అది చదును.

మిషను ఒక్కోసారి మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు మాత్రమే కోసింది. మొదట మధ్యలో మాత్రమే మెరుపు కనిపించింది. కోతకోతకూ ఆ మెరుపు రెండు వైపులా పాకి, చివరికి ఈ కొసనుంచి ఆ కొస దాకా వచ్చింది. అక్కడితో ఆపాడు. అవసరానికి మించి ఒక్క పొర తీసినా ఫ్లాంజి పలుచబడుతుంది. పలుచని ఫ్లాంజి తొందరగా వంగుతుంది.

చిన్న ఫ్లాంజి అయితే మిషను లేకుండా ఆకురాయితోనే చేయవచ్చని చెప్పి, ఆ పద్ధతి కూడా చూపించాడు. సర్ఫేసు ప్లేటు అనే అతి చదునైన ఇనుప పలకమీద నీలిరంగు పలుచగా పూసి, ఫ్లాంజిని దానిమీద బోర్లించి మెల్లగా కదపాలి. ఎత్తుగా ఉన్నచోట్లకే నీలం అంటుకుంటుంది. అక్కడ మాత్రమే ఆకురాయితో అరగదీయాలి. మళ్లీ బోర్లించాలి, మళ్లీ అరగదీయాలి. నీలం చుక్కలు ముఖమంతా సమానంగా పరుచుకున్నప్పుడు పని ముగిసినట్టు. ఓపిక ఉంటే చేతికి మిషనుతో సమానమైన పనితనం వస్తుంది.

చివరగా ఆయన చేసిన పని చాలామంది మరిచిపోయేది. గొట్టాల లోపల ఇనుప రజను ఒక్క రవ్వ కూడా మిగలకుండా కడిగి, గాలి ఊది శుభ్రం చేశాడు. రజను లోపల ఉండిపోతే పొగతోపాటు ఎగిరివెళ్లి, నిమిషానికి లక్ష చుట్లు తిరిగే చక్రానికి తగులుతుంది. అప్పుడు టర్బో నిజంగానే పోతుంది!

కొత్త గాస్కెట్టు, కొత్త స్టడ్లు వేశారు. నట్లను మధ్యనుంచి మొదలుపెట్టి, అటు ఒకటి ఇటు ఒకటిగా చివరలకు పోతూ, మూడు విడతలుగా, టార్కు రెంచితో మాన్యువల్‌లో చెప్పినంతే బిగించారు. కారు స్టార్టు చేశారు. టిక్ టిక్ లేదు. కుర్రాడు బెంజి సర్కిలు దాకా ఒక చుట్టు తిరిగివచ్చి, కారు దిగకుండానే నవ్వాడు. ఆ నెల వాయిదా కట్టాడు. కారు ఇప్పటికీ అతని దగ్గరే ఉంది.

మొదటి చదును ఎక్కడిది?

తిరిగివచ్చేటప్పుడు కుర్రాడు మంచి ప్రశ్న వేశాడు. "మాస్టారూ, ఫ్లాంజి చదునో కాదో సర్ఫేసు ప్లేటు చెబుతుంది. సర్ఫేసు ప్లేటు చదునని ఎవరు చెప్పారు?"

దాన్ని ఇంకో ప్లేటుతో పోల్చారు. మరి ఆ ఇంకో ప్లేటు? ఇలా వెనక్కు పోతే ప్రపంచంలో మొట్టమొదటి చదునైన పలకను దేనితో పోల్చి చేశారు?

రెండు పలకలను ఒకదానితో ఒకటి రుద్దితే చాలదా అనిపిస్తుంది. చాలదు. మన సన్నికల్లును చూడండి. ఏళ్లతరబడి నూరగా నూరగా రాయి మధ్యలో గుంటపడుతుంది, పొత్రం దానికి తగ్గట్టుగా అరుగుతుంది. రెండూ చక్కగా ఒదుగుతాయి. కాని రెండింటిలో ఏదీ చదును కాదు! ఒకటి గుంట, ఒకటి ఉబ్బు. ఒదిగినంతమాత్రాన చదునని నమ్మరాదు.

దీనికి ఉపాయం మూడో పలక. ఇంగ్లండు యంత్రనిపుణుడు జోసెఫ్ విట్‌వర్త్ 1840లో గ్లాస్గోలో జరిగిన బ్రిటిష్ అసోసియేషన్ సమావేశంలో నిజమైన సమతలాల గురించి పత్రం చదివాడు. మూడు పలకలతో సమతలాన్ని సాధించే పద్ధతి ఆయన పేరుతో ప్రసిద్ధికెక్కింది. దాని తర్కం ఇది. మొదటి పలక ఉబ్బుగా ఉందనుకోండి. దానితో ఒదిగేలా రెండో పలకను సరిచేస్తే అది గుంటగా తయారవుతుంది. మూడో పలకను కూడా మొదటిదానితో ఒదిగేలా చేస్తే అదీ గుంటే. ఇప్పుడు రెండోదాన్నీ మూడోదాన్నీ ఎదురెదురుగా పెట్టండి. గుంటకు గుంట ఒదగదు. అంచులు మాత్రమే తగులుతాయి. దోషం బయటపడింది! తగిలినచోట గీకి, మళ్లీ జతలు మార్చి పోల్చాలి. పలకలను పక్కలకు తిప్పి కూడా పోల్చాలి. ఏ జత కలిపినా, ఎటు తిప్పినా ఒదిగేది ఒకే ఒక ఆకారం: సమతలం.

చూశారా, ముందుగా ఒక చదునైన వస్తువు చేతిలో లేకుండానే చదునును పుట్టించవచ్చు! అరువు తెచ్చుకున్న ప్రమాణం లేదు. ఉన్నవి మూడు పలకలు, ఓపిక, తర్కం. నేటి యంత్రాల ఖచ్చితత్వానికి పునాదులలో ఇదొకటి.

చేసి చూడండి

1. కాగితపు ఫీలరు గేజి: మీ నోటుపుస్తకంలోని 100 కాగితాలను గట్టిగా నొక్కి, మందాన్ని స్కేలుతో కొలవండి. 8 మి.మీ. వస్తే ఒక్కో కాగితం మందం 0.08 మి.మీ. అన్నమాట. చల్లారిన పెనంమీద ఉక్కు స్కేలును అంచుమీద నిలబెట్టి, వెనక టార్చిలైటు పట్టండి. వెలుగు కనిపించినచోట ఎన్ని కాగితం ముక్కలు దూరుతాయో లెక్కపెట్టండి. పెనం వంకర ఎన్ని మిల్లీమీటర్లో తేలుతుంది. స్కేలును నాలుగు దిక్కులా తిప్పి కొలవండి.

2. మూడు ఇటుకలు: మూడు చిన్న ఇటుక ముక్కలకు సుద్దతో 1, 2, 3 అని అంకెలు వేయండి. 1తో 2ను, 2తో 3ను, 3తో 1ని వంతులవారీగా, ఒక్కోసారి ముక్కను పక్కకు తిప్పుతూ రుద్దండి. అరగంట తరువాత స్కేలు పెట్టి చూడండి. ఇంకో రెండు ముక్కలను మాత్రం వాటినే ఒకదానితో ఒకటి రుద్ది, ఈ మూడింటితో పోల్చండి. దుమ్ము ముక్కులోకి పోకుండా ఇటుకలను తడిపి రుద్దండి.

జాగ్రత్త!

కారు ఇంజను దగ్గర ఈ ప్రయోగాలు చేయకండి. మానిఫోల్డు ఆపిన చాలాసేపటికి కూడా చర్మం కాలేటంత వేడిగా ఉంటుంది. పొగ కారే కారును మూసిన షెడ్డులో నడపనీయకండి. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా లేవు. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్‌కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. పెట్రోలు ఇంజను పొగలో అది మరీ ఎక్కువ. డీజిలు పొగ క్యాన్సరు కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2012లో ప్రకటించింది. కారులో కూర్చోగానే పొగ వాసన వచ్చినా, తలనొప్పి పుట్టినా వెంటనే కారు ఆపించి దిగి, పెద్దలకు చెప్పండి.

ఆలోచించండి

1. 400 మి.మీ. పొడవున్న పోత ఇనుప ఫ్లాంజి 30 డిగ్రీలనుంచి 530 డిగ్రీలకు వేడెక్కితే ఎంత పెరుగుతుంది?

2. మానిఫోల్డు మధ్య రంధ్రాలు స్టడ్డుకు సరిపోయేటట్లు ఉంటాయి. చివరి రంధ్రాలు కాస్త పెద్దవిగానో, కోలగానో ఉంటాయి. ఎందుకు?

3. నట్లను ఒక చివరనుంచి వరసగా బిగించుకుంటూ పోతే వచ్చే నష్టమేమిటి?

4. నాలుగు కోళ్ల మంచం ఊగుతుంది. మూడు కాళ్ల పీట ఎగుడుదిగుడు నేలమీద కూడా ఊగదు. కారణమేమిటి? అయితే మూడు కాళ్ల పీట ఊగలేదు కనుక ఆ నేల చదునని చెప్పవచ్చునా?

జవాబులు నోటుపుస్తకంలో రాసి మీ సైన్సు మాస్టారికి చూపండి. మీ పెనం వంకర ఎంత వచ్చిందో కూడా పక్కనే రాయండి. తరగతిలో అందరి అంకెలూ పోల్చి, ఎవరి ఇంటి పెనం ఎక్కువ వంగిందో, అది ఎటువంటి పొయ్యిమీద వాడుతున్నారో చూడండి. మరో పాఠం అక్కడినుంచి మొదలుపెట్టవచ్చు.